గీత నేను గీసిందే: ఓ జీపీఎస్ వాచీ, రెండొందల ఏళ్ళ చరిత్ర

కిందటి సెప్టెంబరు ఆఖర్లో ఓ శనివారం సాయంత్రం, కాలిఫోర్నియాలో టాహో సరస్సుకి నైరుతి దిక్కున ఉండే డిసొలేషన్ విల్డర్‌నెస్‌లో ఓ కొండ అంచు మీద నిలబడి, నా చేతికున్న వాచీని తిట్టుకుంటున్నాను. నాతో పాటు మా రూమ్మేటు, వాళ్ళ బావగారు. కింద చూస్తే నలభై అడుగుల నున్నటి రాయి. వాచీలో చూస్తే, మేం వెళ్ళాల్సిన గీత ఆ రాతి మీంచి తిన్నగా కిందికి దిగిపోతోంది. బాణం గుర్తు కూడా "పద, పద" అన్నట్టు అటే చూపిస్తోంది.

అసలు సంగతేమిటంటే, ఎకో లేక్స్ నుంచి అలోహా సరస్సు దాకా శుభ్రమైన కాలిబాట ఉంది. అందరూ దాని మీదే పోతారు. నాకేమో దారి వదిలేసి, ఆ తెల్లటి గ్రానైట్ రాళ్ళ మీదుగా పక్క లోయలో ఉన్న ఓ చిన్న చెరువు దాకా వెళ్ళి, అట్నుంచి అటే మళ్ళీ బాటలో కలవాలని కోరిక. ముందురోజు రాత్రి లాప్‌టాప్‌లో మ్యాపు తెరిచి, పది క్లిక్కులతో ఓ రూటు గీసేసి, వాచీలోకి ఎక్కించాను. "దారి తెలుసా?" అని బావగారు అడిగితే "వాచీ ఉంది కదండీ" అన్నాను. ఆ మాట ఎంత ధీమాగా అన్నానో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వెలుగు ఇంకో గంటన్నర ఉంటుంది. నీళ్ళు మనిషికి అర లీటరు. మా రూమ్మేటు ఆ రాయి పక్కనున్న ఓ పగులు చూపించి "ఇక్కణ్ణించి దిగొచ్చు రా" అంటున్నాడు. నేను వాచీని నొక్కుతూ "అదేంటి, ఇది కరెక్టుగానే చూపిస్తోందే" అంటున్నాను. అప్పుడు బావగారు చాలా నెమ్మదిగా ఓ మాటన్నారు.

"కరెక్టుగానే చూపిస్తుంది బాబూ. ఆ గీత నువ్వు గీసిందే కదా."

ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. భూమ్మీద నేనెక్కడున్నానో ఐదు మీటర్ల తేడాతో చెప్పగలిగే యంత్రం, నా ముందు గొయ్యి ఉందని ఎందుకు చెప్పలేకపోయింది? ఇది తెలుసుకోవాలంటే అసలీ వాచీ ఎక్కణ్ణించి వచ్చిందో వెనక్కి తవ్వుకుంటూ పోవాలి. తవ్వగా తవ్వగా అది మా తాతయ్య దాకా వచ్చింది.

గొలుసు రోజులు

మా తాతయ్య సర్వే శాఖలో చైన్‌మన్. అంటే ఇనప గొలుసు ఓ కొస పట్టుకుని పొలాల్లో నడవడమే ఉద్యోగం. ఆ గొలుసుని 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషాయన తయారుచేశాడు. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చతురస్రాలు పది పెడితే ఎకరం. లెక్క వేసి చూడండి, మనం ఇప్పటికీ వాడే సెంటు, అంటే ఎకరంలో నూరో వంతు, సరిగ్గా వెయ్యి చదరపు లింకులు. హైదరాబాదు శివార్లలో గజాల్లో ప్లాటు కొనేవాళ్ళకి ఇది పట్టకపోవచ్చు కానీ, ఆంధ్రలో సెంట్లలో స్థలం కొన్న ప్రతివాడూ తెలీకుండానే గంటర్ గారి గొలుసుతో కొంటున్నాడు :)

తాతయ్య చెప్పేవాడు, "గొలుసు తిన్నగా పోతుంది గానీ గట్టు తిన్నగా పోదు రా" అని. పొలం గట్టు వంకర్లు తిరుగుతుంది. సర్వే వాళ్ళేమో రెండు రాళ్ళ మధ్య గొలుసు తిన్నగా లాగి, ఆ గొలుసు గీత నుంచి గట్టు ఏ మలుపు దగ్గర ఎంత పక్కకుందో అడ్డంగా కొలిచి రాసుకుంటారు. మధ్యలో బావి అడ్డొస్తే గొలుసు బావి మీంచి పోదు కదా. చుట్టూ తిరిగి లెక్క కడతారు. తిన్నటి గీత కాగితం కోసం, వంకర నడక కాళ్ళ కోసం. పక్కింటాయన పొలం పనుల్లా చిన్నప్పుడు ఈ కబుర్లన్నీ ఓ చెవిన విని ఓ చెవిన వదిలేశాను.

గొలుసుతో పొలం కొలవచ్చు. మరి దేశాన్ని కొలవాలంటే? 1802 ఏప్రిల్లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ పక్కన ఏడున్నర మైళ్ళ పొడవున్న ఒక గీతని ఉక్కు గొలుసుతో కొలిచాడు. అంతే, ఆ తర్వాత ఎక్కువగా కొలిచింది కోణాలే. గీత రెండు కొసల నుంచీ దూరంగా ఉన్న కొండ మీది జెండాని చూసి కోణాలు కొలిస్తే, త్రిభుజం లెక్కతో ఆ కొండ దూరం తేలిపోతుంది. ఆ కొండ నుంచి ఇంకో కొండ. ఇలా త్రిభుజాలు అల్లుకుంటూ ఉత్తరానికి పోవడమే గ్రేట్ ట్రిగనమెట్రికల్ సర్వే. ఆయన వాడిన థియోడలైట్ బరువు అర టన్ను. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకి కొట్టుకుని వంగిపోతే, ఆయనే కూర్చుని బాగుచేసుకున్నాడు. మన ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే మనం పడే బాధ దీని ముందెంత!

ఈ కథలో మన ఊళ్ళూ ఉన్నాయి. 1818 చివర్లో జార్జ్ ఎవరెస్ట్ హైదరాబాదు వచ్చి లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరాడు. అవును, శిఖరానికి పేరు పెట్టింది ఈయన పేరే. 1819లో ఆయన్ని కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి పంపించారు. కొండల మీద చెట్లు నరికితే గానీ ఒక కొండ నుంచి ఇంకో కొండ కనబడదు. వానాకాలంలో ఆ అడవుల్లో పనిచేసి ఎవరెస్టూ ఆయన పరివారమూ జ్వరాల పాలయ్యారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. మనిషి ఎంత దెబ్బ తిన్నాడంటే, 1820లో కోలుకోవడానికి ఆఫ్రికా కొసనున్న కేప్ దాకా వెళ్ళాల్సొచ్చింది. లాంబ్టన్ 1823 జనవరిలో హైదరాబాదు నుంచి నాగపూర్ వెళ్తూ దారిలో హింగన్‌ఘాట్ దగ్గర చనిపోయాడు.

గమనించారా? వీళ్ళెవరూ దారి మీద నడవలేదు. ఇవాళ మనం సరదాకి చేసే "ఆఫ్ ట్రెయిల్" నడక వాళ్ళకి రోజువారీ పని. ముందు వెళ్ళిన జెండా మనుషులూ చెట్లు కొట్టిన కూలీలూ పేర్లు కూడా మిగలకుండా పోయారు. మ్యాపు మీద కనబడే ప్రతి తిన్నటి గీత వెనకా ఎవరో వంకరగా నడిచిన నడక ఉంది.

ప్రశ్నని తిరగేసిన సోమవారం

ఇక అంతరిక్షంలోకి వద్దాం. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ని ఎగరేసింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళ అప్లయిడ్ ఫిజిక్స్ లాబొరేటరీలో విలియం గయర్, జార్జ్ వైఫెన్‌బాక్ అని ఇద్దరు కుర్రాళ్ళు సోమవారం ఆఫీసుకొచ్చి, దాని బీప్ బీప్ సిగ్నల్ వినడం మొదలుపెట్టారు. రైలు దగ్గరికొచ్చేటప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా, అదే డాప్లర్ ప్రభావం. స్పుత్నిక్ సిగ్నల్‌లో ఆ మార్పుని కొలిచి, దాని కక్ష్య మొత్తం లెక్కకట్టేశారు.

1958 మార్చిలో వాళ్ళ పై అధికారి ఫ్రాంక్ మెక్‌క్లూర్ ఓ ప్రశ్న వేశాడు. "మీరెక్కడున్నారో తెలుసు కాబట్టి ఉపగ్రహం ఎక్కడుందో కనుక్కున్నారు. మరి ఉపగ్రహం ఎక్కడుందో తెలిస్తే, మీరెక్కడున్నారో కనుక్కోవచ్చా?" మనం కోడ్‌లో ఇన్‌పుట్‌నీ అవుట్‌పుట్‌నీ తారుమారు చేసినట్టన్నమాట. దాన్నుంచి పుట్టిందే ట్రాన్సిట్ వ్యవస్థ. పొలారిస్ అణు క్షిపణులు మోసే జలాంతర్గాములకి తామెక్కడున్నారో తెలియాలి, అదీ అవసరం. 1964 నుంచి నౌకాదళం వాడింది, 1996 దాకా నడిచింది. కానీ ఉపగ్రహం తలమీంచి పోయేదాకా ఆగాలి, అది పోతున్న నిమిషాలన్నీ సిగ్నల్ పట్టుకుని లెక్కకట్టాలి. ఓడకి సరే గానీ, విమానానికీ నడిచేవాడికీ పనికిరాదు.

1973లో బ్రాడ్‌ఫర్డ్ పార్కిన్సన్ నాయకత్వంలో పెంటగన్‌లో సెలవు రోజుల్లో కూర్చుని జీపీఎస్ రూపురేఖలు ఖాయం చేశారు. మొదటి ఉపగ్రహం 1978 ఫిబ్రవరి 22న ఎగిరింది. ఐడియా మాత్రం లాంబ్టన్ త్రిభుజాలకి దగ్గర చుట్టమే. కాకపోతే కోణాల బదులు దూరాలు, కొండ మీది జెండా బదులు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే అణు గడియారం. ప్రతి ఉపగ్రహం "ఇప్పుడు టైమెంత, నేనెక్కడున్నాను" అని చెప్తూ ఉంటుంది. ఆ మాట మన దగ్గరికి చేరడానికి పట్టిన సమయాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం. టైములో ఒక్క మైక్రోసెకండు తప్పయితే 300 మీటర్లు తప్పు. మూడు ఉపగ్రహాలు చాలవా అంటే, మన చేతి వాచీలోది చవక క్వార్ట్జ్ గడియారం. దాని తప్పుని కూడా ఒక తెలియని సంఖ్యగా పెట్టుకోవాలి. నాలుగు తెలియనివి, నాలుగు సమీకరణాలు. అందుకే నాలుగో ఉపగ్రహం.

విమానం, ఎడారి, ఓ బకెట్టు

1983 సెప్టెంబరు 1న కొరియన్ ఎయిర్‌లైన్స్ 007 విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్ళింది. యుద్ధ విమానం కూల్చేసింది. 269 మంది చనిపోయారు. ఆటోపైలట్ దిక్కు చూసి పోయే మోడ్‌లోనే ఉండిపోయిందని 1993లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ విచారణలో తేలింది. అంటే యంత్రం చెడిపోలేదు. పెట్టిన దిక్కుకే పోయింది. అది చదివినప్పుడు నాకు ఆ కొండ అంచు గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

ఆ నెలలోనే అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం జీపీఎస్‌ని ప్రపంచ పౌర అవసరాలకి ఇస్తామని ప్రకటించింది. "రీగన్ వల్లే జీపీఎస్ జనాలకొచ్చింది" అని చాలాచోట్ల రాస్తారు. నిజానికి పౌరులకో సిగ్నల్ ఉండాలన్నది మొదటినుంచీ డిజైన్‌లోనే ఉంది. ఈ ప్రకటన దాన్ని లోకానికి ఇచ్చిన మాటగా మార్చింది. కాకపోతే మెలిక పెట్టారు. పౌర సిగ్నల్‌లో కావాలని తప్పు కలిపి, ఖచ్చితత్వాన్ని వంద మీటర్లకి దిగజార్చారు. దీని పేరు సెలెక్టివ్ అవైలబిలిటీ.

1991 గల్ఫ్ యుద్ధంలో తమాషా జరిగింది. ఎడారిలో బాటలుండవు, గుర్తులుండవు, దారి వదిలి నడవడం అంటే అసలు సిసలు అదే. సైన్యానికి మిలిటరీ రిసీవర్లు చాలక బజార్లో దొరికే పౌర రిసీవర్లు కొని వాడారు. దాంతో తాము కలిపిన తప్పుని తామే కొన్నాళ్ళు ఆపుకోవాల్సొచ్చింది! చివరికి 2000 మే 2న క్లింటన్ ప్రభుత్వం దాన్ని పూర్తిగా ఆపేసింది. ఒక్క రాత్రిలో వంద మీటర్లు పది ఇరవై మీటర్లయిపోయాయి. మర్నాడే ఒరెగాన్‌లో డేవ్ అల్మర్ అనే ఆయన అడవిలో ఓ బకెట్టు దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్లో పెట్టాడు. జియోకాషింగ్ అనే ఆట అలా పుట్టింది. ఆ మే నెల లేకపోతే నా చేతి వాచీకి అర్థమే లేదు. వంద మీటర్ల తేడా అంటే కొండల్లో ఒక లోయకి బదులు ఇంకో లోయ.

ఇదంతా చూసిన మనవాళ్ళు కూడా ఊరుకోలేదు. 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి మన సొంత నావిగేషన్ ఉపగ్రహాల్లో మొదటిది వెళ్ళింది. 2016 ఏప్రిల్‌లో ఏడోది వెళ్ళాక ఈ వ్యవస్థకి నావిక్ అని పేరు పెట్టారు. 2025 జనవరిలో శ్రీహరికోట నూరో ప్రయోగం కూడా నావిక్ ఉపగ్రహమే. రాకెట్ పని రాకెట్ చేసింది కానీ, ఉపగ్రహాన్ని అనుకున్న కక్ష్యకి పెంచడం కుదరలేదు. మొదటి తరం ఉపగ్రహాల అణు గడియారాలు కొన్ని పాడైపోయి ఇబ్బంది పెట్టాయి కూడా. ఆకాశంలో గడియారం నడపడం చెప్పినంత సులువు కాదు.

చేతి మీదికి

1989లో వచ్చిన మాగెల్లాన్ నావ్ 1000 చేత్తో పట్టుకునే తొలి పౌర రిసీవర్. చిన్న ఇటుకంత ఉండేది, ధర మూడు వేల డాలర్ల దాకా. పదేళ్ళకి, 1999లో, కాసియో దాన్ని చేతి గడియారంలోకి ఎక్కించింది. చూస్తే మణికట్టుకి డబ్బా కట్టుకున్నట్టుంటుంది. 2003లో గార్మిన్ ఫోర్‌రన్నర్ 101, 201 వచ్చాయి, ఇవి పరిగెత్తేవాళ్ళ కోసం. ఇక్కడ గమ్మత్తేంటంటే, స్పోర్ట్స్ వాచీ పుట్టింది "ఎంత దూరం, ఎంత వేగం" అని చెప్పడానికి. "ఎటు" అని చెప్పడానికి కాదు. దారి చూపించడం మెల్లగా పక్కనుంచి వచ్చి చేరిన ఫీచర్.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి నచ్చే వివరం ఒకటుంది. జీపీఎస్ ఉపగ్రహం మనతో మాట్లాడే వేగం సెకనుకి 50 బిట్లు. కిలోబిట్లు కాదండీ, బిట్లే. మొత్తం ఉపగ్రహాల పట్టిక వినాలంటే పన్నెండున్నర నిమిషాలు కావాలి. అందుకే ఇప్పటి వాచీలు ఫోన్ ద్వారా ముందే ఆ సమాచారం దింపుకుని, కొన్ని సెకన్లలో లాక్ అవుతాయి. వారాలు లెక్కపెట్టడానికి పది బిట్లే ఇచ్చారు కాబట్టి 1024 వారాలకోసారి లెక్క సున్నాకి వచ్చేస్తుంది. 1999 ఆగస్టులో ఓసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి అలా జరిగి, కొన్ని పాత పరికరాలు ఇరవై ఏళ్ళ కిందటి తేదీ చూపించాయి. ఓవర్‌ఫ్లో బగ్ ఆకాశాన్నీ వదల్లేదు!

దారి ఫైళ్ళకి 2002లో జీపీఎక్స్ అనే ఎక్స్ఎంఎల్ ఫార్మాటు వచ్చింది. అందులో మూడు రకాలున్నాయి. వేపాయింట్ అంటే ఒక చోటు. రూట్ అంటే వెళ్ళాలనుకున్న చోట్ల వరస. ట్రాక్ అంటే నిజంగా నడిచిన నడక, కొద్ది సెకన్లకోసారి రాసుకున్న చుక్కలు. చిన్న వాచీ తెర మీద మూడూ ఒకేలాంటి సన్న గీతలు. కానీ రూట్‌లో రెండు చుక్కల మధ్య ఏముందో ఫైలుకి తెలీదు. వట్టి తిన్నటి గీత కలిపేస్తుంది. 2012లో గార్మిన్ ఫీనిక్స్, సుంటో ఆంబిట్ కొండలెక్కేవాళ్ళ కోసమే వచ్చాయి. 2017 నాటి ఫీనిక్స్ 5ఎక్స్‌లో కంటూరు గీతలున్న మ్యాపు కూడా వచ్చింది. నాది మ్యాపు లేని చవక మోడల్. తెల్ల తెర మీద ఒక గీత, ఒక బాణం, అంతే.

మళ్ళీ కొండ అంచుకి

ఇప్పుడర్థమైందా ఏం జరిగిందో? లాంబ్టన్ నుంచి పార్కిన్సన్ దాకా రెండొందల ఏళ్ళు అందరూ కుస్తీ పట్టింది "నేనెక్కడున్నాను" అన్న ఒక్క ప్రశ్నతో. దానికి అద్భుతమైన జవాబు దొరికింది. "ఎటు నడవాలి" అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు నేను ముందురోజు రాత్రి పది క్లిక్కుల్లో, టీవీ చూస్తూ ఇచ్చాను. అందులో ఒక క్లిక్కుకీ ఇంకో క్లిక్కుకీ మధ్య నలభై అడుగుల రాయి ఉంది. గొలుసుని బావి మీంచి లాగేశాను.

ఆ సాయంత్రం మేం పగుల్లోంచి దిగలేదు. మా రూమ్మేటు గొణుక్కున్నా, బావగారు "వచ్చిన దారినే పోదాం" అని తేల్చేశారు. వాచీలో రూటు ఆపేసి, పొద్దుట్నుంచీ అది రాసుకున్న ట్రాక్‌ని వెనక్కి పట్టుకున్నాం. దాని మీద అనుమానం అక్కర్లేదు, ప్రతి చుక్కా మా కాళ్ళు ఆనిన చోటే. మామూలు బాట చేరేసరికి చీకటి పడింది. హెడ్‌లాంప్ ఒక్కటే ఉంది ముగ్గురికీ. కారు దగ్గరికొచ్చేదాకా ఎవరం మాట్లాడుకోలేదు. తర్వాత ఇంట్లో కంటూరు మ్యాపు తీసి చూస్తే, ఆ చోట గీతలు ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయి ఉన్నాయి. కళ్ళెదుటే ఉంది. నేను చూళ్ళేదు.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. చుక్కలు దూరం దూరంగా కాకుండా, నేల ఆకారం మారే ప్రతిచోటా పెడతాను, అంటే కనుమ, గట్టు మలుపు, చెరువు కొస. తిన్నటి ప్రతి ముక్క కిందా కంటూరు గీతలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తాను. నిటారు రాళ్ళ పక్కన సిగ్నల్ రాతికి తగిలి వస్తుంది కాబట్టి, అక్కడ వాచీ చెప్పే చోటుని పది ఇరవై మీటర్ల అటూఇటూగానే తీసుకుంటాను. కాగితం మ్యాపూ, దిక్సూచీ సంచిలో ఉంటాయి. ఎన్నింటికి వెనక్కి తిరగాలో ముందే చెప్పుకుంటాం, ఇంట్లో ఒకరికి రూటు పంపిస్తాం. బాణం ఏం చెప్పినా, ముందు తలెత్తి చూస్తాను.

తాతయ్య ఇప్పుడు లేడు. ఉంటే ఈ వాచీ ఆయన చేతికి కట్టి, మా పొలం చుట్టూ నడిపించి, "చూడు తాతయ్యా, గొలుసు లేకుండానే కొలిచేసింది" అని గొప్పలు పోయేవాణ్ణి. ఆయన బహుశా వాచీని అటూ ఇటూ తిప్పి చూసి, గట్టు మీద ముళ్ళున్నాయి, కింద చూసి నడువు అనేవాడు.

మీలో ఎవరైనా ఇలా గీతని నమ్మి ఇరుక్కున్నవాళ్ళుంటే చెప్పండి. నేనొక్కణ్ణే కాదని తెలిస్తే కాస్త ఊరటగా ఉంటుంది.